శస్త్రప్రసవము – బాలింత హక్కు

మాతృదేశమునకు జోతలర్పించు మనము ఇంటనున్న తల్లి విషయమున నెట్లు వర్తించుచున్నామో విచారింపవలసియున్నది. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము భారతదేశమున నూటికి 21.5 కాన్పులు సిజేరియను శస్త్రచికిత్సచే జరిగినవి. ఆంధ్రప్రదేశమున నాసంఖ్య 42.4, తెలంగాణమున 60.7. వీనిలో అనవసరమైన వెన్నియను చర్చ జరుగవలసినదే. కాని కోతపడిన తల్లి గతి యేమను ప్రశ్న ఆ చర్చ ముగియువరకు నాగదు.

నొప్పులు తప్పినవి గనుక నిది సుఖప్రసవమని లోకము తలచుచున్నది. ఉదరమును, గర్భాశయమును కోసి కుట్టిన గొప్ప శస్త్రచికిత్స యిది. పైకుట్లు త్వరలో మానినట్లు కనుపించినను, లోపలిపొరలు గట్టిపడుటకు ఆరువారములైనను పట్టును. వేరొక శస్త్రచికిత్స జరిగిన పురుషునకు ఇంటిల్లిపాదియు సేవచేయుదురు. తొలిచూలు తల్లికి మాత్రము నాటిరాత్రినుండియే బిడ్డ భారము.

పథ్యము పేర నీరు తగ్గించుట, ఆకుకూరలు, పండ్లు మానిపించుట యింకను కలదు. రక్తము కోల్పోయి పాలిచ్చు స్త్రీకిది హాని. కడుపునిండ తిండి, చాలినంత నీరు, ఇనుపధాతువు మాత్రలు, మరునాటినుండి మెల్లని నడక, బిడ్డకంటె బరువైనది ఎత్తకుండుట – వైద్యులు చెప్పున దింతియే. జ్వరము, కుట్లలో చీము, అధిక రక్తస్రావము, పిక్కవాపు కనుపించిన తోడనే ఆసుపత్రికి గొనిపోవలయును. రెండువారములు దాటియు దుఃఖము వీడనిచో దానిని గ్రహబాధయనియు, గయ్యాళితనమనియు నిందింపరాదు. అది వ్యాధి, దానికి చికిత్స కలదు.

ఇక న్యాయము మాట. ప్రసవానంతరము ఆరువారములు స్త్రీచే పని చేయింపరాదని 1961 నాటి ప్రసూతి సదుపాయ చట్టము యజమానిని శాసించినది. 2017 సవరణచే మొదటి రెండు కాన్పులకు వేతనముతో సెలవు 26 వారములైనది. 2020 నాటి సాంఘిక భద్రతాస్మృతియు నీహక్కులను నిలిపినది. కాని యివి కార్యాలయముల, కర్మాగారముల స్త్రీలకే యందుచున్నవి. నాట్లువేయు కూలికి, ఇటుకలు మోయు స్త్రీకి యజమాని యెవరు? సెలవేది? 2013 నాటి ఆహారభద్రతా చట్టము 6,000 రూపాయలకు తగ్గని సాయమును గర్భిణికి హక్కుగా జేసినది. మాతృవందన పథకము మొదటి బిడ్డకు 5,000 రూపాయ లిచ్చుచున్నది. దానిని ఆరువారములకు పంచినచో దినమునకు 119 రూపాయలు! ఏ కనీసవేతనమునకు నిది సరివచ్చును? కుట్లు మానకమునుపే తట్ట నెత్తికెత్తుకొనుట ఆమె యజ్ఞానముచే గాదు, ఆకలిచేత.

కావున మే మడుగున దిది: శస్త్రప్రసవమైన ప్రతి శ్రామిక స్త్రీకిని ఆరువారముల కనీసవేతనము ప్రభుత్వ మీయవలయును. ఇంటికివచ్చు ఆశాకార్యకర్త బిడ్డతోపాటు తల్లి కుట్లను, మనస్సును గూడ విచారింపవలయును. ఇది ప్రభుత్వము వంతు. నీళ్లబిందె నెత్తుటకు, రాత్రి యేడ్చు బిడ్డ నెత్తుకొనుటకు మాత్రము ఏ శాసనమును అక్కరలేదు. అది భర్తలు నేడే చేపట్టదగిన దేశసేవ.