ఆకాశమునుండి వచ్చు వార్త పొలముగట్టు చేరవలదా?



కార్తీకమాసమున కృష్ణా గోదావరీ డెల్టాలయందు వరి కోతకు వచ్చును. కోసిన పనలు చేనిమీద నుండగా బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినచో, సంవత్సరపు కష్టమంతయు రెండు దినములలో నీటిపాలగును. ఈ భయము మనకు క్రొత్తది కాదు. ఆ గుండము పుట్టుచుండగనే చూడగల కన్నొకటి మన నెత్తిపై నుండుట మాత్రము క్రొత్త. ఆ కన్ను చూచినది సకాలమున మన చెవిని బడుచున్నదా యనునదియే ప్రశ్న.

ఇన్సాట్-3డీఆర్ అను ఉపగ్రహమును 2016 సెప్టెంబరు 8వ తేదీని, ఇన్సాట్-3డీఎస్ అను దానిని 2024 ఫిబ్రవరి 17వ తేదీని శ్రీహరికోటనుండి ప్రయోగించిరి. ఇవి భూమధ్యరేఖకు పైని సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, భూమి తన చుట్టు తాను తిరుగునంత కాలములోనే యొక చుట్టు తిరుగును. కావున మన దృష్టికి ఒకేచోట నిలిచినట్లుండును. వార్త నందుకొను ఆంటెన్నాను ఒక దిక్కునకే త్రిప్పి యుంచిన చాలును. రెక్కవంటి ఫలకము సూర్యకాంతిని విద్యుత్తుగా మార్చి యంత్రములను నడుపును. భూమి నీడ పడిన వేళ బ్యాటరీలు ఆదుకొనును.

ఉపగ్రహమందలి పరికరము, రైతు చాలు వెంబడి చాలు దున్నినట్లు, భూమిని వరుసవరుసగా చూచుకొనుచు పోవును. పైకి వచ్చు కాంతిని, వేడిమిని కొలిచి, అంకెలుగా మార్చి, రేడియో తరంగములపై పంపును. అవి సెకనులో ఇంచుమించు ఎనిమిదవ వంతు కాలములో భూమిని చేరును. ఇక్కడి కేంద్రమున కంప్యూటర్లు ఆ యంకెలను మరల చిత్రముగా కూర్చును. సుమారు అరగంట కొక చిత్రము వచ్చును. రాత్రివేళను ఈ చూపు ఆగదు. మేఘపు పైభాగ మెంత చల్లగా నున్నదో కొలిచి, అది యెంత యెత్తునకు పెరిగినదో గ్రహింతురు.

అట్లని దీనిని జ్యోతిష్కునిగా భావింపరాదు. ఉపగ్రహము చూచును, రాబోవు దానిని చెప్పువారు వాతావరణ శాఖవారు. వారు రాడారులను, నేలమీది కొలతలను, గణితమును జోడించి నిర్ణయింతురు. మఱియు దాని మిక్కిలి సూక్ష్మమైన చూపునకును ఒక చదరపు కిలోమీటరు, అనగా సుమారు 247 ఎకరములు, ఒక్క చుక్క. మన గ్రామమున నెంత వాన కురిసెనో వానమాపకమే చెప్పవలయును.

ఇక ఫలితము చూడుడు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ఉప్పెన ముంచెను. సుమారు పదివేలమంది మరణించిరి. నాడు మన దేశమునకు స్వంత వాతావరణోపగ్రహము లేదు. 2013 అక్టోబరు 12వ తేదీని ఫైలిన్ అను ప్రచండమైన తుపాను గోపాల్‌పూరు చెంత తీరము దాటెను. మృతుల సంఖ్య పదులలోనే నిలిచెను. ముందు తెలిసినందుననే కాదు, తెలిసినది ఇంటింటికి చేర్చి లక్షలాది జనులను తరలించినందున ఆ ప్రాణములు దక్కెను.

ప్రాణములకు జరిగినది పంటకును జరుగవలయును. ఫోనులలో అంతయు వచ్చుచుండగా సంఘమున కీ శ్రమ యేల యని కొంద రందురు. కాని ఫోనులో హెచ్చరికయు వదంతియు కలసియే వచ్చును. వృద్ధులు, కౌలుదార్లు పలువురు దానిని చూడనే చూడరు. కావున తుపానుల కాలమున మన సంఘ కార్యాలయమున ప్రతి సాయంకాలము వాతావరణ శాఖవారి ప్రకటనను నల్లబల్లపై వ్రాయవలయును. హెచ్చరిక వచ్చిననాడు ఊర టముకు వేయింపవలయును. టార్పాలినులు సిద్ధముగా నుంచి, గిడ్డంగి తలుపులు తెఱవవలయును. దీనికి వలయునది పెద్ద మూలధనము కాదు, ఒకరి బాధ్యత.

ముప్పదియాఱువేల కిలోమీటర్లు దాటివచ్చిన వార్త, సంఘపు గుమ్మమునుండి పొలముగట్టు వఱకుగల రెండు మైళ్లు దాటలేకపోయినచో, ఆ లోపము ఉపగ్రహమునది కాదు, మనది.