టీకాకు దొరికిన మర్యాద, వేయించుకున్నవాళ్లకు దొరకలేదు

2020 డిసెంబర్ 9న అరవై మందికి పైగా విదేశీ రాయబారులు హైదరాబాద్ వచ్చి భారత్ బయోటెక్, బయోలాజికల్-ఇ సంస్థలను చూసి వెళ్లారు. మరుసటి నెల 20న కేంద్రం 'వ్యాక్సిన్ మైత్రి' మొదలుపెట్టింది. ముందు భూటాన్, మాల్దీవులు. కొద్ది రోజులకే ఒమన్, బహ్రెయిన్, కువైట్. సెకండ్ వేవ్‌లో ఎగుమతులు ఆగేలోపు వెళ్లినవి సుమారు 6.6 కోట్ల డోసులు. అందులో ఉచితంగా ఇచ్చింది కోటి పైచిలుకే. మిగతాది అమ్మకం, కోవాక్స్ వాటా.

పేద దేశాలకు టీకా పంపడాన్ని మేం తప్పుపట్టడం లేదు. మా ప్రశ్న గల్ఫ్ గురించి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లలో భూమి లేని దళిత, బహుజన కుటుంబాల వాళ్లు ఎందరో. ఏజెంటుకు కట్టిన డబ్బుకు ఊళ్లో మిత్తి పెరుగుతూనే ఉంటుంది. సెలవు మీద వచ్చి 2021లో ఇక్కడే చిక్కుకున్నవాళ్లకు సర్కారు దవాఖానలో ఏ టీకా ఉంటే అదే వేశారు. కొవిషీల్డ్ పడ్డవాళ్లు కొంత నయం. విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు 28 రోజుల తర్వాత రెండో డోసు ఇవ్వొచ్చని జూన్ 7న కేంద్రం చెప్పింది, సర్టిఫికెట్ మీద పాస్‌పోర్టు నంబరు కూడా వేసింది. కొవాగ్జిన్ పడ్డవాళ్లకు మాత్రం దారి మూసుకుపోయింది. సౌదీ, కువైట్ జాబితాల్లో ఫైజర్, ఆస్ట్రాజెనెకా, మోడెర్నా, జాన్సన్ ఉన్నాయి. ఐసీఎంఆర్ భాగస్వామ్యంతో హైదరాబాద్‌లో తయారైన టీకా లేదు. మన దగ్గర దానికి జనవరి 3న అనుమతి వచ్చింది. డబ్ల్యూహెచ్‌వో అదనపు సమాచారం అడుగుతూ పోయి, గుర్తింపు ఇచ్చింది నవంబర్ 3న. పది నెలలు! వీసా గడువు అన్నాళ్లు ఆగుతుందా?

మూడో దశ ఫలితాలు రాకముందే అనుమతిచ్చి, దాన్ని దేశ గౌరవంగా చూపించిన ప్రభుత్వానికి ఈ చిక్కు వస్తుందని తెలియదనుకోలేం. తాను టీకాలు పంపిన దేశాలతోనే మాట్లాడి, కనీసం కార్మికుల వరకైనా మినహాయింపు ముందే సాధించాల్సింది.

ఇది కొత్త కాదు. 2020 ఏప్రిల్‌లో మన సైనిక వైద్యుల బృందం కువైట్‌లో దిగినప్పుడు, అక్కడి మన కూలీలకు ఇంటికి విమానం లేదు. మే 7న 'వందే భారత్' మొదలయ్యాక కూడా టికెట్ డబ్బులు వాళ్లే కట్టుకున్నారు.

ఇకముందు ఏ మహమ్మారిలోనైనా గల్ఫ్‌కు మందులు, టీకాలు పంపే ఒప్పందంలోనే రెండు షరతులు ఉండాలి: ఇక్కడ వేసిన టీకాను అక్కడ గుర్తించడం, ఆలస్యమైతే వీసా గడువు పెంచడం. ఏ దేశం ఏ టీకాను ఒప్పుకుంటుందో సూది వేయకముందే పీహెచ్‌సీ గోడ మీద తెలుగులో రాసి పెట్టాలి.