గుర్రుమనే యాంప్‌ని చోర్ బజార్‌కి పంపే ముందు

పాత వాల్వ్ యాంప్ గుర్రుమంటే మన ఇండ్లల్లో రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి, "చోర్ బజార్ల అమ్మేయ్." రెండోది, "ప్లగ్గుల మూడో పిన్ తీసేయ్, సప్పుడు పోతది." మొదటి మాట వింటే మంచి వస్తువు పోతుంది. రెండో మాట వింటే మనిషే పోవచ్చు. సప్పుడు ఎక్కడ పుడుతున్నదో కనుక్కున్నాకే దేనిమీదైనా చెయ్యి వెయ్యాలని మా అభిప్రాయం.

ఈ ముచ్చట ఇప్పుడే ఎందుకంటే, కామాఠిపుర పునర్నిర్మాణం మ్హాడా ద్వారా జరగబోతున్నదని అందరం సామాన్లు సర్దుకునే ఆలోచనలో ఉన్నాం. అటక మీది వస్తువులన్నీ కిందికి దిగుతున్నాయి. మన ఫాక్‌లాండ్ రోడ్డుకి ఇప్పుడున్న పేరు తమాషా కవి పట్ఠే బాపూరావ్‌ది. పక్కనే ఆల్ఫ్రెడ్, గుల్షన్ టాకీసులున్న పీలా హౌస్. ఆ పేరు కూడా ఇంగ్లీషు ప్లేహౌస్ నుంచి వచ్చిందే. పాటా ఆటా ఉన్న ఇలాంటి చోట, గణపతి పందిట్లకి ఆర్కెస్ట్రా కట్టిన పిల్లలు మన చాళ్లల్లోనూ ఉన్నారు. మా చిన్నాయన గిటార్ యాంప్ ఆ కాలందే. లోపల రెండు ఈసీసీ83లు, రెండు ఈఎల్84లు. అన్నీ బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు చేసిన వాల్వులు. దాన్ని చూసిన ఒక మిస్త్రీ, "లోపలిది మొత్తం తీసి కొత్త బోర్డు వేస్తా" అన్నాడు. సప్పుడు ఎక్కడిదో మాత్రం చెప్పలేదు. రోగం తెలియకుండా మందిచ్చే డాక్టర్ దగ్గరికి మనం పోతామా?

ముందు చెవి పెట్టి వినాలి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. గుర్రు కూడా 50 హెర్ట్జ్‌లోనే ఉంటే అది చాలాసార్లు హీటర్ వైర్ల నుంచో, ఎర్త్ లూప్ నుంచో, షీల్డ్ తెగిన కేబుల్ నుంచో వచ్చినది. 100 హెర్ట్జ్ అయితే రెక్టిఫయర్ తర్వాత ఉండే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయాయేమో చూడాలి. ఈ తేడా పట్టుకోవడానికి మిషన్ అక్కర్లేదు. గిటార్ లావు తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. ఆ స్వరం 98 హెర్ట్జ్. గుర్రు దానితో కలిస్తే 100, దాని కింది స్థాయిలో వినిపిస్తే 50.

తర్వాత గిటార్ కేబుల్ తీసేయాలి. సప్పుడు ఆగిందా? అయితే తప్పు యాంప్‌ది కాదు. గిటార్‌దో, కేబుల్‌దో, గదిదో. పది బై పది ఖోలీలో ట్యూబ్‌లైట్ చోక్, ఫ్యాన్ రెగ్యులేటర్, ఎల్ఈడీ బల్బు, మొబైల్ చార్జర్ అన్నీ గిటార్‌కి బారెడు దూరంలోనే ఉంటాయి. సింగిల్ కాయిల్ పికప్ వాటన్నిటి సప్పుడూ పట్టుకుంటుంది. గిటార్‌ని చేతిలో పట్టుకుని మెల్లగా తిరిగితే సప్పుడు పెరిగి తగ్గుతుంటే అది బయటి నుంచి వచ్చేదే. ఒక్కొక్క స్విచ్ ఆపుతూ పోతే దొంగ దొరుకుతాడు.

కేబుల్ తీసినా ఆగకపోతే వాల్యూమ్ తిప్పి చూడాలి. వాల్యూమ్‌తో పాటు సప్పుడు మారితే అది వాల్యూమ్‌కి ముందు భాగంలో పుడుతున్నది. సున్నాకి పెట్టినా అట్లనే ఉంటే తర్వాతి భాగంలోనో, పవర్ సప్లైలోనో పుడుతున్నది. ఈ ఒక్క పనితో వెతికే చోటు సగమైపోతుంది. ఇంకా తెలియకపోతే యాంప్ ఆపి, చల్లారనిచ్చి, ఇన్‌పుట్ వైపు మొదటి వాల్వు తీసి మళ్లీ పెట్టి వినాలి. తీసినప్పుడు సప్పుడు పోతే అది ఆ వాల్వుదో, దాని చుట్టుపక్కలదో. పోకపోతే దాని తర్వాతి వాల్వు. స్పీకర్ వైరు మాత్రం ఎప్పుడూ తగిలించే ఉంచాలి. ఔట్‌పుట్ వాల్వుల జోలికి పోవద్దు. హీటర్లు వరుసగా కలిపిన పాత రేడియోల్లో ఈ ఉపాయం పనికిరాదు. ఒక్కటి తీస్తే అన్నీ ఆరిపోతాయి.

చిటపట అయితే వేరే కథ. వానాకాలం తేమకి వాల్వు సాకెట్లు, జాకులు, వాల్యూమ్ పాట్లు మైల పడతాయి. పెన్సిల్ కొసతో వాల్వుని తడితే స్పీకర్‌లో టింగుమంటే వాల్వే మైక్ లాగా మారిందన్న మాట. ఆగకుండా బుసకొడుతుంటే పాత కార్బన్ రెసిస్టర్ల మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఇక్కడివరకు మనం చూడొచ్చు. అడుగు పలక విప్పే పని మాత్రం తెలిసినవాళ్లదే. ప్లగ్ తీసిన తర్వాత కూడా కండెన్సర్లలో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు.

ఇప్పుడు అసలు మాట. ఎర్త్ పిన్ తీస్తే కొన్నిసార్లు గుర్రు నిజంగానే తగ్గుతుంది. అందుకే ఈ చెడ్డ సలహా ఇన్నేండ్లు బతికింది. కానీ ఎర్త్ లేని యాంప్‌లో కరెంటు చాసిస్‌కి తగిలితే అది గిటార్ తీగల్లోకి వస్తుంది. వాయించేవాడు మైక్ ముట్టుకుంటే అతని ఒంట్లోంచి పోతుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో, స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ సరిగ్గా ఎర్త్ లేని మైక్ ముట్టుకుని వేదిక మీదనే చనిపోయారు. గణపతి పందిట్లో తడి నేల మీద వాయించే మన పిల్లల సంగతి ఆలోచించండి.

ఇంకొకటి, పాత చాళ్లల్లో రెండే వైర్ల వైరింగ్ ఉందని ఎర్త్‌ని నల్లా పైపుకి కట్టేవాళ్లున్నారు. ఒక ఖోలీలో తప్పు జరిగితే అదే పైపు మీదున్న మిగతా ఖోలీల నల్లాల్లోకి కరెంటు వస్తుంది. సప్పుడు మనది, షాక్ పక్కింటి అక్కది. ఇది ఏ లెక్కన న్యాయం? ఎర్త్ లేకపోతే లైసెన్సున్న వైర్‌మన్‌తో ఎర్త్ వేయించాలి, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించాలి. అప్పటిదాకా ఆ యాంప్ మూగగా ఉండనీ.

"ఇంత తిప్పలెందుకు, కొత్తది కొంటే పోలా?" అనేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఖర్చు ఎక్కువే. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఎట్లాగూ ముసలివైతాయి, మార్చాల్సిందే. రోజూ ప్రోగ్రాములు చేసేవాళ్లకి కొత్తదే సుఖం. మేమెవరినీ బలవంతపెట్టం. కానీ కండెన్సరో, వాల్వు సాకెట్టో, ఒక్క కేబులో బాగు చేస్తే పోయే సప్పుడుకి మొత్తం పెట్టెని తీసిపారేయడం ఏం తెలివి? మనకి లామింగ్టన్ రోడ్డు నడిచిపోయేంత దూరంలోనే ఉంది. మిస్త్రీ దగ్గరికి పోయినప్పుడు "బాగు చెయ్" అని ఊరుకోవద్దు. "కేబుల్ తీసినా ఉంది, వాల్యూమ్ సున్నాలో కూడా ఉంది, 100 హెర్ట్జ్‌లో ఉంది" అని చెప్పండి. అట్లా చెప్పినవాళ్లకి మొత్తం కొత్త బోర్డు అంటగట్టడం కష్టం.

కొత్త ఇండ్లల్లోకి పోయేటప్పుడు ఎన్ని సామాన్లు తీసుకుపోగలమో తెలియదు. యాంప్ తీసుకుపోతారో లేదో మీ ఇష్టం. మూడో పిన్ మాత్రం తీయొద్దు, తీసినవాళ్లు కనిపిస్తే పెట్టించండి.