సవర పిల్లల చేతికి కెమెరా ఇవ్వండి

రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిన ‘నానూక్ ఆఫ్ ద నార్త్’ను ఈమధ్య అరసవల్లిలో మా ఇంట్లో చూశాను. కెనడాలో హడ్సన్ బే తీరపు ఇన్యూట్ ఆదివాసుల బతుకు మీద 1922లో వచ్చిన మూకీ అది. ఆ మనుషుల ఓర్పు, పిల్లల నవ్వులు చూస్తుంటే కన్ను తిప్పుకోలేం. కానీ నానూక్‌గా కనిపించే వేటగాడి అసలు పేరు అల్లాకరియల్లాక్. అప్పటికే వాళ్లు తుపాకులతో వేటాడుతున్నారు. ఫ్లాహర్టీ ఈటెలు పట్టించాడు. మంచు ఇంట్లో వెలుతురు చాలదని సగం ఇల్లే కట్టించి, ఆ చలిలోనే వాళ్లు నిద్రలేచే దృశ్యం తీశాడు.

నాకిది కొత్త కాదు. నేను సీతంపేట కొండల్లో పంతులుగా ఉన్నప్పుడు అక్కడి సవర గిరిజనుల మీద డాక్యుమెంటరీ తీస్తామని కొందరొచ్చారు. మా పదో తరగతి కుర్రాడి వాచీ తీయించారు, ప్యాంటు విప్పించి గోచీ పెట్టించారు. "గోచీ నా చిన్నప్పుడే మానీసినాం కదా మాస్టారూ!" అన్నాడు వాళ్ల తాత. ఆ మాట ఎవరికీ పట్టలేదు. ఆ సినిమా మళ్లీ ఆ ఊరి ముఖం చూడలేదు. ఫ్లాహర్టీ నయం, తీసిన రీళ్లను అక్కడే కడిగి వాళ్లకు వేసి చూపించేవాడు.

తెలుగు నేల మీద గిరిజనుల బతుకును కెమెరాకెక్కించే పని శ్రద్ధగా చేసినవాడు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్. 1940ల్లో నల్లమల చెంచులు, కొండరెడ్లు, ఆదిలాబాద్ గోండుల మధ్య బతికాడు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ బడి పెట్టించాడు. ఆయన, ఆయన భార్యల వర్ధంతిని అక్కడివాళ్లు ఇప్పటికీ జరుపుతారు. ఆయన ఫిల్ములు, ఫొటోలు మాత్రం లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వాటి నకళ్లు ముందు చేరవలసింది గోండు గూడేలకు, చెంచు పెంటలకు.

తమ కథ తీయడానికి ఇన్యూట్లు మరొకరి కోసం ఎదురుచూడలేదు. ఇగ్లూలిక్‌కు చెందిన ఇన్యూట్ దర్శకుడు జకరయాస్ కునుక్ పూర్తిగా తమ భాషలోనే తీసిన ‘అటనార్జువాట్’ సినిమాకు 2001లో కాన్స్ చిత్రోత్సవంలో కెమెరా దోర్ పురస్కారం దక్కింది. మన గిడుగు రామమూర్తిగారు వందేళ్ల కిందటే సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పించారు. కెమెరా విషయంలో మనం ఆ పాటి పని కూడా చేయలేదు.

సీతంపేట సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారులకు నా విన్నపం ఇది: ఆశ్రమ పాఠశాలల్లో పై తరగతి పిల్లలకు వీడియో తీయడం, ఎడిటింగ్ నేర్పించండి. ఏం తీయాలో, ఏ బట్టలతో తీయాలో వాళ్లకే వదిలేయండి. తీసినదాన్ని మొదట వాళ్ల గూడెంలోనే చూపించండి.