గురికి తగిన తుపాకి

1878 నాటి ఆయుధశాసనము లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి పట్టరాదనెను. తెల్లవారి కా నిర్బంధము లేకుండెను. ఆ విద్య మనకు రాదనుట కల్లయని హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్, 2012 లండను ఒలింపిక్సు 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పందెమున కాంస్యపతకము గెలిచి నిరూపించెను.

ఏలూరు, తాడేపల్లిగూడెముల యువకులారా! 50 మీటర్ల పందెమున నడిమి వలయపు వెడల్పు 10.4 మిల్లీమీటర్లే. కావున రైఫిలు వెలను, పేరును చూచి మోసపోకుడు. దానిని కదలకుండ ఆనించి, ఒకే రకపు తూటాలు పది కాల్చి, రంధ్రము లెంత దగ్గరగా పడెనో కొలువుడు. తూటారకమును మార్చి మరల పరీక్షింపుడు. భుజమున కమరనిది యెంత మేలైనను వ్యర్థము.

కొల్లేటి పక్షులు మాత్రము గురి కారాదు. 1999 నుండి ఆ సరస్సు అభయారణ్యము. కాగితమును కొట్టి గెలుచుటయే జాతికి గౌరవము.