నీలం పంపుల హిసాబ్



మా ఖాలాకి దమ్మా ఉందని విజయనగరంలో వాళ్ల మొహల్లా అంతటికీ తెలుసు. మొన్న ఆమె అలమారా సర్దుతుంటే పాత చీరల వెనక నీలం ఇన్‌హేలర్ల ఖాళీ డబ్బాలు బయటపడ్డాయి. లెక్కపెడితే పదకొండు. "ఎన్నాళ్లవి ఖాలా?" అంటే, "పోయిన బక్రీద్ నుంచి బేటా" అంది తాపీగా. ఒక్కో డబ్బాలో 200 పఫ్‌లుంటాయి. నాకు ఒళ్లు జలదరించింది.

నీలం పంపు ఊపిరి గొట్టాలను కొన్ని గంటలపాటు తెరుస్తుంది, అంతే. లోపలి వాపు తగ్గాలంటే రోజూ పీల్చే స్టెరాయిడ్ మందు కావాలి. అది "ఆదత్ పడిపోతుంది" అని ఖాలా ఎప్పుడో మానేసింది. డాక్టర్ సాహెబ్ తబియత్ అడిగితే మాత్రం "అల్‌హందులిల్లాహ్, బాగానే ఉంది" అంటుంది. అబద్ధం కాదు, ఆ నిమిషానికి బాగానే ఉంటుంది మరి.

బ్రిటన్‌లో దమ్మా మరణాల మీద 2014లో ఒక రిపోర్టు వచ్చింది. చనిపోయినవాళ్లలో రిలీవర్ లెక్క తెలిసినవాళ్లు 165 మంది. వాళ్లలో 65 మందికి చివరి ఏడాదిలో 12 కంటే ఎక్కువ డబ్బాలు రాసిచ్చారు! ఆ లెక్క కంప్యూటర్లలో ఉంది, ఎవరూ కూడి చూడలేదు. అందుకే మోతాదు మించితే సాఫ్ట్‌వేరే డాక్టర్‌ను హెచ్చరించాలని ఆ రిపోర్టు సిఫారసు చేసింది. ఏడాదికి మూడు డబ్బాలు దాటినా ఖత్రా పెరుగుతుందని దమ్మా మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ గీనా చెబుతోంది.

మన దగ్గరా 2021 నుంచి ఆభా నంబర్లు ఇస్తున్నారు, సర్కారీ దవాఖానాల్లో కంప్యూటర్లు పెట్టారు. కానీ అక్కడ ఎంత తెలివైన అలర్ట్ పెట్టినా ఖాలా దొరకదు. ఆమె నీలం పంపు కొనేది వీధి చివర మెడికల్ షాపులో, నుస్ఖా లేకుండా. కుర్రాడు ఖాళీ డబ్బా చూసి కొత్తది చేతిలో పెడతాడు. పలాసలో జీడిపప్పు బట్టీల పొగ పీల్చేవాళ్లకీ, నెల్లిమర్ల వైపు జనపనార దుమ్ములో పనిచేసేవాళ్లకీ ఆయాసం వస్తే మొదటి దవాఖానా ఇలాంటి షాపే.

ఆ షాపులో కంప్యూటర్ లేదా అంటే, ఉంది. గడువు తీరబోతున్న సిరప్ సీసా గురించి అది నెల ముందే చెబుతుంది. పదకొండో పంపు గురించి మాత్రం నోరెత్తదు. సరుకు మీదున్న ఫికర్ మనిషి మీద లేదన్నమాట. అలర్ట్ పెట్టాల్సింది ముందు అక్కడ అంటాను నేను. కొనేవాళ్ల ఇజాజత్‌తో ఫోన్ నంబర్ రాసుకుని, ఏడాదిలో మూడో నీలం డబ్బా బిల్లు కొట్టగానే "డాక్టర్‌కి చూపించండి" అని తెర మీద పడాలి. మందు ఆపమని కాదు సుమా, ఊపిరాడనివాళ్లకి ఆపితే జుల్మ్. ఇంట్లో ఇద్దరు ఒకే పంపు వాడితే లెక్క తప్పుతుంది, నిజమే. ప్రతిదానికీ టింగుమంటే కుర్రాడు చూడకుండానే నొక్కేస్తాడు, అదీ నిజమే. అందుకే ఈ ఒక్క మందుతో మొదలుపెట్టమంటున్నాను.

అది వచ్చేదాకా హిసాబ్ మన ఇళ్లలోనే. ఖాలా ఇప్పుడు కొత్త డబ్బా తెరిచిన రోజే దాని మీద బాల్‌పెన్నుతో తారీఖు రాస్తోంది, ఉర్దూ అంకెల్లో. వచ్చే జుమేరాత్ డాక్టర్ సాహెబ్ దగ్గరికి వెళ్తున్నాం. చదివి చెప్పడానికి నేనూ, సంచీలో ఆ పదకొండు ఖాళీ డబ్బాలూ.