లేని చెయ్యి... ఉన్న నొప్పి!

తీసేసిన చేతికి నొప్పేమిటండీ, విడ్డూరం కాకపోతే! కొమ్మ నరికి పొయ్యిలో పెట్టాక దాని ఆకులకు తెగులు పట్టిందంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మరు. నమ్మరు గనకనే ఈ నాలుగు ముక్కలూ రాయవలసి వచ్చింది.

కాలో చెయ్యో పోగొట్టుకున్నవారిలో సగంమందికి పైగా ఆ పోయిన భాగంలోనే నొప్పి ఉందంటారు. ఇది మొండి దగ్గరి పుండు నొప్పి కాదు. కుట్లు విప్పి, పుండు మాని, చర్మం గట్టిపడ్డాక కూడా లేని పాదం భగ్గున మండుతుంది. లేని బొటనవేలు దురద పెడుతుంది. గోక్కుందామంటే అక్కడ దుప్పటి తప్ప ఏముంది? కొందరికైతే లేని పిడికిలి బిగుసుకుపోయి, లేని గోళ్లు లేని అరచేతిలో దిగబడతాయి. విప్పుదామంటే విప్పడానికి చెయ్యి ఉండాలి గదా! ఇంగ్లీషులో దీన్ని ఫాంటమ్ లింబ్ అన్నారు. ఫాంటమ్ అంటే దయ్యం. మనం ఛాయాంగం అందాం. దయ్యాలు మన పల్లెల్లో ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

ఇదేదో నిన్న మొన్న పుట్టిన బాధ కాదు. పదహారో శతాబ్దంలోనే ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు ఆంబ్రాయిజ్ పారే దీన్ని గురించి రాశాడు. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయిన సైనికులకు వైద్యం చేసిన సైలాస్ వీర్ మిచెల్ అనే డాక్టరు 1866లో దీన్ని ఒక కథగా రాసి, అదీ తన పేరు లేకుండా, పత్రికలో వేయించాడు. ఫాంటమ్ లింబ్ అన్న పేరు పెట్టింది 1871లో. నా ఊహేననుకోండి, డాక్టరంతటివాడే మొదట కథ చాటున నిలబడి చెప్పాడంటే, ఇక మామూలు రోగి ఎవరి దగ్గర నోరు విప్పుతాడు?

నొప్పి ఎందుకొస్తుందో తెలియాలంటే కాస్త మెదడులోకి తొంగిచూడాలి. మన శరీరమంతటికీ మెదడులో ఒక పటం ఉంటుంది, రెవెన్యూ వాళ్ల దగ్గర గ్రామపటం ఉన్నట్టే. వరదకు పొలం కోసుకుపోయినా పటంలో సర్వే నంబరు చెరగదు. చెయ్యి పోయినా మెదడులో దాని చోటు అలాగే పోదు. మాంట్రియల్‌లో పనిచేసిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ ఈ పటాన్ని గీసి చూపాడు. అందులో ముఖమూ చెయ్యీ పక్కపక్క కయ్యలు. చెయ్యి పోయిన మనిషి చెంప మీద దూదితో తాకితే లేని వేళ్లను తాకినట్టుందని చెప్పడాన్ని 1990ల తొలినాళ్లలో వి.ఎస్. రామచంద్రన్ గమనించాడు. గట్టు తెగి పక్క కయ్య నీళ్లు ఇందులోకి పారుతున్నాయని ఆయన వివరణ.

ఈ రామచంద్రన్ మనకు మరీ పరాయివాడు కాడు. తమిళనాట పుట్టి, మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివి, కేంబ్రిడ్జి వెళ్లి, చివరకు కాలిఫోర్నియాలో స్థిరపడ్డాడు. ఆయన చేసిన పరికరం చూస్తే మన లాబ్ అటెండరు కూడా నవ్వుతాడు. ఒక అట్టపెట్టె, దాని మధ్య నిలువుగా ఒక అద్దం, చేతులు పెట్టడానికి రెండు రంధ్రాలు. అంతే! ఉన్న చేతిని అద్దం ముందు పెట్టాలి, మొండిని అద్దం వెనక దాచాలి. అద్దంలోకి చూస్తే, పోయిన చెయ్యి తిరిగొచ్చి దాని చోట అది కూర్చున్నట్టు కనిపిస్తుంది. అప్పుడు రెండు చేతులనూ ఒకేసారి కదిలిస్తున్నట్టు ప్రయత్నించాలి. 'పిడికిలి విప్పు' అని మెదడు రోజూ ఆజ్ఞ పంపుతోంది, అటునుంచి జవాబు లేదు. ఇప్పుడు కంటి దారిన జవాబు వచ్చింది, 'విప్పాను' అని. కొందరికి అక్కడికక్కడే బిగువు సడలింది. ఈ సంగతి 1996లో అచ్చయింది.

మనమంతా మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో గుండుసూదులు గుచ్చి చేసిన ప్రయోగమే ఇది. సమతల దర్పణం, పార్శ్వ విలోమం, మిథ్యా ప్రతిబింబం. తెరమీద పట్టలేని ప్రతిబింబం అని రికార్డులో రాసి సంతకం పెట్టించుకుని మరిచిపోయాం. ఆ ప్రతిబింబానికి ఇంత పని ఉందని నాకు మాత్రం ఏ పాఠంలోనూ తగల్లేదు.

"ఇదంతా మనసుకు సర్దిచెప్పడమేగా, ఏ విభూతి పెట్టినా తగ్గేదేమో" అని హాస్టల్లో ఒక మిత్రుడు వాదించాడు. మంచి ప్రశ్నే. దానికి కొంత జవాబు 2007లో అచ్చయిన ఒక పరీక్షలో ఉంది. అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక ఆస్పత్రిలో కాలు పోయిన సైనికులను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు అద్దం, రెండో జట్టుకు కప్పేసిన అద్దం, మూడో జట్టు కళ్లు మూసుకుని లేని కాలు కదులుతున్నట్టు ఊహించుకోవాలి. రోజుకు 15 నిమిషాలు, నాలుగు వారాలు. అద్దం చూసిన ఆరుగురికీ నొప్పి తగ్గింది. కప్పిన అద్దం ముందు కూర్చున్న ఆరుగురిలో తగ్గింది ఒక్కరికే. ఊహించుకున్నవారిలో నలుగురికి పైపెచ్చు పెరిగింది! వట్టి నమ్మకమే అయితే కప్పిన అద్దమూ అంతే పనిచేయాలి గదా.

అయితే 18 మందితో లోకం గెలిచామనుకోవడం సైన్సు విద్యార్థికి తగదు. తర్వాత జరిగిన పరీక్షలన్నీ ఒకే మాట చెప్పలేదు. కొందరికి అద్దంతో తల తిరుగుతుంది, కొందరికి దుఃఖం పొంగుకొస్తుంది. రెండు చేతులూ పోయినవాడికి అద్దంలో చూపేదేముంది? గట్టు తెగిన కథ మీదా తగాదా ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో టామర్ మాకిన్ బృందం 2013లో చూపించినదేమిటంటే, నొప్పి ఎక్కువున్నవారిలోనే మెదడులో చేతి చోటు చెక్కుచెదరకుండా ఉందట. ఎందుకు పనిచేస్తుందో పూర్తిగా తేలాకే వాడదామంటారా? మా తాత జీలుగ వేసి దమ్ములో కలియదున్నేవాడు. నత్రజని పేరు ఆయన విన్నవాడు కాదు. పంట మాత్రం పండింది. ఖర్చు లేనిది, జాగ్రత్తగా చేస్తే పెద్దగా ప్రమాదం లేనిది వాడి చూడటానికి అంత మీమాంస అక్కర్లేదని నా అభిప్రాయం.

ఇక నాకింత పట్టుదల ఎందుకో చెప్పాలి. మాది చెరుకు పండే ఊరు. నాకు పెదనాన్న వరసయ్యే ఒకాయన, బెల్లం వండే రోజుల్లో, తెల్లవారుజామున గానుగకు చెరుకు అందిస్తుంటే చొక్కా చెయ్యి రోలర్లలో పడింది. కుడిచెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. మూడు నెలలకు పుండు మానింది. అప్పుడు మొదలైంది అసలు బాధ. రాత్రిళ్లు లేచి కూర్చుని "వేళ్లు ఎవరో మెలిపెడుతున్నార్రా" అనేవాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. పోయిన చేతిని సరిగా పూడ్చలేదని ఒకరన్నారు. ఒక ఆస్పత్రికి తీసుకుపోతే, "చెయ్యే లేదు గదయ్యా, నొప్పెక్కడిది?" అని బలం మాత్రలు రాసిచ్చారు. ఆ రోజునుంచి ఆయన ఎవరికీ చెప్పడం మానేశాడు. నొప్పి మాత్రం మానలేదు.

రెండేళ్ల తరవాత మా జువాలజీ లెక్చరరు గారు క్లాసులో ఈ అద్దం సంగతి చెప్పారు. ఆయన తెలిసిన ఫిజియోథెరపీ డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆమె నేర్పిన పద్ధతిలో ఇంట్లో బీరువా తలుపు తెరిచాం. దాని అద్దం ముందు ఎడమచెయ్యి, తలుపు వెనక మొండి. పెదనాన్న అద్దంలోకి చూసి, "ఒరేయ్, వచ్చిందిరా" అని పసిపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత రెండు రోజులు ఆ గదిలోకే రాలేదు. మూడోరోజు పెద్దమ్మ బతిమాలి కూర్చోబెట్టింది. పదిరోజులకు చిటికెన వేలు వదులైందన్నాడు. ఇప్పుడు నొప్పి పూర్తిగా పోయిందా అంటే పోలేదు. వానాకాలం ముసుర్లకు మళ్లీ లేస్తుంది. కాని నిద్రపోతున్నాడు. తాయెత్తు కూడా ఉంచుకున్నాడు, అది వేరే సంగతి!

నాకు కోపమల్లా ఆ రెండేళ్ల మీద. గానుగలూ, నూర్పిడి మిషన్లూ, గడ్డి కోసే మిషన్లూ, మోటారు దగ్గరి కరెంటు షాకులూ, పాము కాట్లూ, వీటికి తోడు చక్కెర వ్యాధి... ఇన్నింటికి కాళ్లూ చేతులూ పోతున్న దేశంలో, చెయ్యి తీసే ముందే "ఇదిగో నాయనా, లేని చెయ్యి నొప్పెట్టవచ్చు, నీకు పిచ్చి పట్టలేదు" అని ఒక్క మాట చెప్పడానికి ఏ నిధులు కావాలి? 1968లో జైపూరులో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ సేఠీ కలిసి రబ్బరూ కర్రలతో పాదం చేసి బీదవాణ్ణి నడిపించారు. ఆ పాదం సంగతి మనందరికీ తెలుసు. అద్దం సంగతి తెలియదు. దీన్ని అమ్ముకుని బాగుపడే కంపెనీ లేకపోవడం ఒక కారణం కావచ్చు. కంబోడియాలో మందుపాతరలకు కాళ్లు పోయిన పల్లెవాళ్లకు అద్దాలతో నొప్పి తగ్గించిన పరీక్ష 2018లో అచ్చయింది. అక్కడి పల్లెలో అయింది మన పల్లెలో కాదా?

మన కాలేజీ ఎన్.ఎస్.ఎస్. క్యాంపులు ఏటా జరుగుతాయి. మొక్కలు నాటుతాం, ఫోటో దిగుతాం, మేకలు తింటాయి. ఈసారి క్యాంపు వేసే ఊళ్లో ఇంటింటికీ వెళ్లి కాలూ చెయ్యీ పోయినవాళ్లెవరో, వాళ్లకు నొప్పి ఉందో లేదో అడుగుదామని యూనియన్ వారికి నా ప్రతిపాదన. వైద్యం మన పని కాదు. అడిగి, ఫిజియోథెరపీ తెలిసినవారి దగ్గరికి చేర్చడం మన పని. డాక్టర్లైన పూర్వ విద్యార్థులు ఈ సంచిక చదువుతారు గనక నెలకొక ఆదివారం వారినీ అడుగుదాం. అద్దాలు మనమే కొనొచ్చు: చెయ్యికైతే మూరెడు, కాలికైతే నిలువుటద్దం. అంచులకు చెక్క కట్టించాలి, లేకపోతే కోసుకుంటుంది. కూర్చోబెట్టే ముందు వాచీ, ఉంగరం, గాజులు, మణికట్టు దారం తీయించాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ చేతికి లేనివి అద్దంలో కనబడితే, ఇది నాది కాదని మెదడు వెంటనే పసిగడుతుందట.